స్పాయిలర్ తీసేశాక డిక్కీ మీద మిగిలే రంధ్రాలు

ప్రశ్న: ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో 2013 మోడల్ వెర్నా కొన్నానండీ, సిల్వర్ కలర్. బండి బాగుంది కానీ పాత ఓనరు డిక్కీ మీద పెద్ద స్పాయిలర్ (వెనక రెక్కలా నిలబడే పట్టీ) బిగించాడు, అద్దంలో చూస్తే వెనక వచ్చే బండ్లకు అదే అడ్డం. తీసేస్తే నాలుగు రంధ్రాలు మిగులుతాయట. టింకరింగ్ షాపులో అడిగితే లప్పం పెట్టి పెయింట్ కొట్టేస్తాను, సాయంత్రానికి బండి తీసుకుపొమ్మన్నాడు. చేయించమంటారా? నేనే చేసుకునే దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆ సాయంత్రం బేరానికి మాత్రం ఒప్పుకోకండి. రంధ్రానికి వెనక రేకు లేకుండా ఒట్టి లప్పం నింపితే కొన్నాళ్లు చక్కగానే కనిపిస్తుంది, కానీ డిక్కీని రోజూ దబ్బున వేస్తూనే ఉంటాం కదా, ఆ అదురుకి రంధ్రం చుట్టూ గుండ్రంగా సన్నటి గీత వస్తుంది. పైగా లప్పం తేమను పీల్చుకుంటుంది. లోపలి వైపు నుంచి తడి ఎక్కి, కింద తుప్పు మొదలై, పైన పెయింట్ పొక్కుతుంది. అసలే మీది సముద్రపు గాలి తగిలే ఊరు. రంధ్రాన్ని రబ్బరుతో మూయాలి, లేదంటే ఇనుముతో మూయాలి, మధ్యేమార్గం లేదు.

ముందు తీయడం సంగతి. డిక్కీ ఎత్తి లోపలి లైనింగ్ క్లిప్పులు ఊడదీస్తే నట్లు కనిపిస్తాయి, చాలావాటికి 10 నంబరు పానా సరిపోతుంది. స్పాయిలర్‌లో బ్రేక్ లైటు ఉంటే దాని వైరు కనెక్టర్ తీసేసి టేపు చుట్టండి, వెనక అద్దం దగ్గర ఇంకో బ్రేక్ లైటు ఉండి వెలుగుతోందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. నట్లు తీసినా స్పాయిలర్ కదలదు, కింద డబుల్ సైడ్ టేపు పట్టుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి లేపారంటే పెయింటు రేకు దాకా గీసుకుపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో బాగా వేడి చేసి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారాన్ని కిందికి పోనిచ్చి రంపంలా అటూ ఇటూ లాగండి, మెల్లగా తెగి వచ్చేస్తుంది. మిగిలిన జిగురు బొటనవేలితో ఉండలు చేసి తీసి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, షాంపూతో కడగండి. థిన్నర్ వద్దు, ఆ భాగానికి ఎప్పుడైనా బయట రీపెయింట్ చేయించి ఉంటే రంగు కూడా దాంతోపాటే వస్తుంది.

ఇప్పుడు రంధ్రాల అంచులు దగ్గరగా చూడండి. బయట షాపుల్లో డ్రిల్లు వేసినప్పుడు కోసిన అంచుకి ప్రైమర్ పూయడం చాలా అరుదు, అందుకే వాషర్ కింద గోధుమరంగు ఉంగరంలా తుప్పు పట్టి ఉంటుంది. దాన్ని ఎమరీ పేపర్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్ పూసి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత పని ఏ పద్ధతిలో చేసినా ఇది తప్పదు.

మీరే చేసుకునేది రబ్బరు పద్ధతి. రంధ్రం వెడల్పు, రేకు మందం రెండూ కొలుచుకుని దానికి సరిపడే రబ్బరు బిరడా తెచ్చి, అంచుకి పాలీయురితేన్ సీలెంట్ రాసి నొక్కేయండి. వెనిగర్ వాసన కొట్టే మామూలు సిలికాన్ జోలికి పోవద్దు, అది ఇనుముని తినేస్తుంది, పైగా ఆ చోట రేపు పెయింట్ కూడా పట్టదు. సిల్వర్ బండి మీద నాలుగు నల్ల చుక్కలు కనిపిస్తాయి, నిజమే, కానీ నీళ్లు దిగవు, ఖర్చు కూడా కొద్దిగానే అవుతుంది.

అసలేమీ కనిపించకూడదంటే వెల్డింగే. రంధ్రం సైజుకి రేకు ముక్క కోసి మిగ్ వెల్డింగ్‌తో (సన్నటి తీగ కరిగించి అతికే పద్ధతి) చుక్క చుక్కగా అతకాలి. ఒకే చోట వరసగా కొడితే డిక్కీ రేకు వేడికి వంకర తిరుగుతుంది, కాబట్టి ఒక రంధ్రం దగ్గర ఒక చుక్క వేసి, అది చల్లారేలోపు ఇంకో రంధ్రం దగ్గరికి వెళ్లే ఓపిక ఉన్న మనిషిని వెతుక్కోండి. పని మొదలయ్యే ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి, వెనక అద్దం మీద తడి గోనెపట్టా కప్పించండి, లేదంటే నిప్పురవ్వలు అద్దంలోకి దిగి చుక్కలు పడిపోతాయి. అతుకు గ్రైండ్ చేశాక పైన పల్చగా లప్పం పెట్టడంలో తప్పేమీ లేదు. లోపలి వైపు కూడా ప్రైమర్ పడాలి, చాలామంది ఎగ్గొట్టేది అక్కడే. సిల్వర్ మెటాలిక్ రంగు కాబట్టి నాలుగు చోట్ల మచ్చలుగా కొడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, కలర్ కోడ్ చూసి రంగు కలిపించి మూత మొత్తానికీ కొట్టించండి. నన్నడిగితే, ముందు రబ్బరు పెట్టి ఈ వానలు గట్టెక్కించి, ఎండాకాలంలో తీరిగ్గా వెల్డింగ్ చేయించండి.

ఇంకోటి, బరువు తగ్గడంతో డిక్కీ మూత ఇదివరకటి కంటే జోరుగా పైకి లేస్తుంది, మొదట్లో మొహం దగ్గర పెట్టకండి.

ప్రశ్న: మాది హ్యాచ్‌బ్యాక్. వెనక అద్దం పైన, రూఫ్ అంచున కంపెనీ నుంచి వచ్చిన స్పాయిలర్ పగిలింది. తీసేసి వదిలేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దమ్మా, దాని సంగతి వేరు. చాలా బండ్లలో బ్రేక్ లైటు, అద్దం కడిగే నీళ్ల పైపు ఆ స్పాయిలర్ లోపలే ఉంటాయి, తీసేస్తే కింద మిగిలేది అందంగా ఉండే రేకు కాదు, వైర్లు పోయే పెద్ద పెద్ద కంతలు. చిన్న పగులైతే ప్లాస్టిక్ వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గర అతికించండి. ముక్కలైపోతే అదే మోడల్‌ది పాత విడిభాగాల షాపులో వెతికి, బిగించే ముందు లైటు, నీళ్ల పైపు పనిచేస్తున్నాయో లేదో చూసుకుని తీసుకోండి.