అమైనోహైడ్రాక్సిలేషన్ పెడితే డయోల్ ఎక్కువ వస్తోంది, లిగాండ్ మార్చాలా?

బరంపురం నుంచి అడిగారు కదండీ: మిథైల్ సిన్నమేట్ మీద బెంజైల్ కార్బమేట్‌తో షార్ప్‌లెస్ అమైనోహైడ్రాక్సిలేషన్ (ఆస్మియం ఉత్ప్రేరకంతో ద్విబంధానికి ఒక పక్క నైట్రోజన్, రెండో పక్క హైడ్రాక్సిల్ చేర్చే చర్య) పెడితే అమైనో ఆల్కహాల్ కంటే, రెండు పక్కలా హైడ్రాక్సిలే ఉన్న డయోలే ఎక్కువ కనిపిస్తోందని. లిగాండ్ (ఆస్మియంకి అతుక్కుని చర్యకి దారి చూపే అణువు) జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు మీ టెర్ట్-బ్యూటైల్ హైపోక్లోరైట్‌ని అనుమానించండి: కార్బమేట్ నైట్రోజన్‌కి క్లోరిన్ తగిలించి చర్యకి సిద్ధం చేసేది అదే.

ఆస్మియం మీదికి ఆ నైట్రోజన్ ఎక్కి ఇమిడో రూపం (ఆస్మియం, నైట్రోజన్ మధ్య ద్విబంధం ఉన్నది) ఏర్పడితేనే అమైనో ఆల్కహాల్ వస్తుంది. నైట్రోజన్ అందకపోతే ఆస్మియం టెట్రాక్సైడ్ తన పాత పనే చేస్తుంది, డయోల్ ఇస్తుంది. హైపోక్లోరైట్‌కి వెలుతురు పడదు, వేడి పడదు, రబ్బరు సెప్టం అసలే పడదు. గంజాం ఎండల్లో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిందంటే ఆ సీసాని ఇక నమ్మలేం. కొట్లో కొన్న బ్లీచ్‌తో కొత్తగా చేసుకునేటట్లయితే లేబుల్ మీది శాతం చూసి కొలవొద్దు. అయోడైడ్, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేసి చూడండి. ఈ తలనొప్పంతా వద్దనుకుంటే 1,3-డైక్లోరో-5,5-డైమిథైల్‌హైడాంటోయిన్ వాడండి. పొడి కాబట్టి తూచుకోవడం తేలిక, రెండు క్లోరిన్లూ పనికొస్తాయి కాబట్టి సగం మోల్స్ చాలు.

1 మిల్లీమోల్ సిన్నమేట్‌కి (162 మి.గ్రా.) లెక్క ఇది. కార్బమేట్ 469 మి.గ్రా. 4 మి.లీ. ఎన్-ప్రొపనాల్‌లో, సోడియం హైడ్రాక్సైడ్ 122 మి.గ్రా. 7.5 మి.లీ. నీళ్లలో. ఆ క్షారంలోంచి కొన్ని చుక్కలు తీసి ఆస్మియం అందించే లవణం పొటాషియం ఆస్మేట్ 14.7 మి.గ్రా. అందులో కరిగించి పక్కన పెట్టండి. ఫ్లాస్కుకి ఫాయిల్ చుట్టి, చల్లగా ఉంచి, హైపోక్లోరైట్ 0.35 మి.లీ. చుక్కచుక్కగా వేయండి (హైడాంటోయిన్ అయితే 300 మి.గ్రా.). తర్వాత ఫాల్ (PHAL, థాలజీన్ రకం) లిగాండ్ 39 మి.గ్రా. 3.5 మి.లీ. ప్రొపనాల్‌లో, ఆపైన సిన్నమేట్, చివర్న ఆస్మేట్. కార్బమేట్ 3.1, క్షారం, హైపోక్లోరైట్ చెరో 3.05 ఈక్వివలెంట్లు (సిన్నమేట్ మోల్స్‌కి అన్ని రెట్లు): ఆ కాస్త తేడా ఉంటేనే క్లోరిన్ విడిగా మిగలదు. తూకంలో కార్బమేట్ తగ్గించారా, డయోల్‌ని పిలిచినట్టే.

పేపర్లలో రూమ్ టెంపరేచర్ అంటే 20-25 డిగ్రీలు, మన మే నెల కాదు. నీళ్ల తొట్టిలో ఐసు ముక్కలు వేస్తూ ఉండండి. ఆకుపచ్చ రంగు పోయి లేత పసుపుకి తిరిగితే అయిపోవచ్చినట్టు. టీఎల్‌సీ (పలుచని పొర క్రోమటోగ్రఫీ) చూసి అర గ్రాము సోడియం సల్ఫైట్‌తో ఆపేయండి.

మిగిలిన కార్బమేట్ క్రోమటోగ్రఫీ కాలమ్‌లో ఉత్పత్తిని అంటిపెట్టుకునే దిగుతుంది. వీలైతే స్ఫటికీకరణే మేలు. లేదా కార్బమేట్ బదులు ఎన్-బ్రోమోఎసిటమైడ్ నైట్రోజన్ ఇచ్చే పద్ధతికి మారండి: 1.1 ఈక్వివలెంట్లే, లిథియం హైడ్రాక్సైడ్‌తో, 4 డిగ్రీల దగ్గర. నైట్రోజన్ ఇచ్చే మరో పదార్థం క్లోరమిన్-టి చవకే గానీ తర్వాత నైట్రోజన్ మీద మిగిలే టోసైల్ సమూహాన్ని ఊడదీయడం నరకం. కార్బమేట్ అయితే హైడ్రోజన్, పల్లాడియంతో పోతుంది.

లిగాండ్ మార్చాల్సింది వేరే సందర్భంలో. ఫాల్ వాడితే నైట్రోజన్ ఎక్కువగా ఫినైల్ పక్క కార్బన్ మీదికి వెళ్తుంది, టాక్సాల్ (క్యాన్సర్ మందు) సైడ్ చెయిన్‌కి అదే కావాలి. నైట్రోజన్ ఎస్టర్ పక్కన ఉండాలంటే అప్పుడు ఏక్యూఎన్ (AQN, ఆంత్రాక్వినోన్ రకం) లిగాండ్ తెప్పించండి.

పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే. ఆస్మేట్ ఆవిరి కాదు గానీ ఫ్లాస్కులో పుట్టే టెట్రాక్సైడ్ అవుతుంది, కళ్లకి ముప్పు. ఒలికితే పొద్దుతిరుగుడు నూనె పోయండి. అది నల్లబడితే ఆస్మియం క్షయకరణం చెందినట్టు.