పాఠకుల ప్రశ్నలు: అల్బేనియన్ల పుట్టుపూర్వోత్తరాలు

ప్రశ్న: ఆగ్నేయ ఐరోపాలోని అల్బేనియన్లు, ఒకప్పుడు పశ్చిమ బాల్కన్లలో ఉన్న ప్రాచీన ఇల్లిరియన్ల వారసులని ఒకచోట, 11వ శతాబ్దానికి ముందు చరిత్రలో వారి ఊసే లేదని మరోచోట చదివాను. ఏది నిజం?

జవాబు: రెండింటిలోనూ కొంత నిజం, కొంత తొందరపాటు ఉన్నాయి. రాతపూర్వకమైన ఆధారాలనే లెక్కలోకి తీసుకుంటే రెండో మాట సత్యానికి దగ్గరగా ఉంటుంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ తన భూగోళ గ్రంథంలో, నేటి మధ్య అల్బేనియా ప్రాంతంలో అల్బనోయి అనే తెగనూ అల్బనోపోలిస్ అనే పట్టణాన్నీ పేర్కొన్నాడు. ఆ తరువాత ఆ పేరు గల ప్రజ మళ్ళీ స్పష్టంగా కనిపించేది 11వ శతాబ్దపు బైజాంటైన్ (తూర్పు రోమన్) చరిత్రకారుడు మైఖేల్ అటలియాటిస్ రచనలోనే. 1190 ప్రాంతంలో క్రూయా కోట కేంద్రంగా ప్రోగోన్ అనే నాయకుడి కింద ఆర్బనోన్ అనే చిన్న సంస్థానం ఏర్పడింది.

వారి భాష సంగతి ఇంకా ఆలస్యం. దాని ప్రస్తావన మొదట దొరికేది 1285లో, అదీ ఒక దొంగతనం కేసులో. నేటి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ అయిన రగూసా నగరంలో విచారణ జరుగుతుండగా, కొండ మీద ఎవరో అల్బేనియన్ భాషలో కేక వేయడం విన్నానని ఒక సాక్షి చెప్పిన మాటను లేఖకుడు లాటిన్‌లో రాసుకున్నాడు. ఆ కేకలోని మాటలేమిటో మాత్రం రాయలేదు. భాషలోని వాక్యమే మనకు దక్కడానికి 1462 దాకా, అంటే దుర్రెస్ ఆర్చిబిషప్ పాల్ ఎంజెల్లి లేఖలోని జ్ఞానస్నాన వాక్యం దాకా ఆగాలి. మొదటి అచ్చుపుస్తకం, జోన్ బుజుకు ప్రార్థనా గ్రంథం, 1555 నాటిది.

అయితే రాతలో ఆలస్యంగా కనిపించిన ప్రజ ఆలస్యంగానే వచ్చిందనుకోవడం పొరపాటు. ఇక్కడ భాషే పెద్ద సాక్షి. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లు చేరిన ఇండో-యూరోపియన్ భాషాకుటుంబంలో అల్బేనియన్ ఒక ప్రత్యేక శాఖ అని 1854లో జర్మన్ భాషావేత్త ఫ్రాంజ్ బోప్ నిరూపించాడు. పదిని వారు ద్యేత అంటారు, మనకు తెలిసిన దశ దాని చుట్టమే; రాత్రి అనే అర్థంలోని నాత సంస్కృత నక్తానికీ, చలికాలమనే అర్థంలోని దిమర్ మన హేమంతానికీ బంధువులు. మాతృ శబ్దానికి సోదరమైన మోతర్ వారికి అమ్మ కాదు, అక్క లేదా చెల్లెలు! తిరగలికి వాడే మోకర్ ప్రాచీన గ్రీకు మాండలికమైన డోరిక్ నుంచీ, స్నేహితుడనే మిక్, రాజు అనే మ్బ్రెత్ లాటిన్ నుంచీ వచ్చి, గుర్తుపట్టలేనంతగా అరిగిపోయాయి. ఇలాంటి లాటిన్ అరువులు వందల సంఖ్యలో ఉన్నాయి.

ష్కుంబిన్ నదికి ఉత్తరాన ఉన్న గెగ్ మాండలికానికీ దక్షిణాన ఉన్న తోస్క్ మాండలికానికీ మధ్య తేడా మరో ఆధారం. ఇసుకకు లాటిన్ మాట అరేనా. గెగ్‌లో అది రాన, తోస్క్‌లో రెర. అచ్చుల నడుమ నకారాన్ని రేఫగా మార్చిన ఈ తోస్క్ అలవాటు లాటిన్ మాటలను పట్టుకుంది గాని, స్లావిక్ అరువుల జోలికి దాదాపుగా పోలేదు. కనుక స్లావులు 6, 7 శతాబ్దాల్లో బాల్కన్లకు వచ్చి, వారి మాటలు భాషలో స్థిరపడేనాటికి ఈ మార్పు చాలావరకు ముగిసిపోయింది. అంటే రోమన్ల కాలంలోనూ ఆ తరువాతా అల్బేనియన్ మాట్లాడేవారి పూర్వీకులు బాల్కన్లలోనే ఉన్నారు.

ఆ పూర్వీకులు ఇల్లిరియన్లేనా అన్నది వేరే ప్రశ్న. 1774లో చరిత్రకారుడు యోహాన్ తున్మన్ అవునన్నాడు, భౌగోళికంగా అదే సహజంగా తోస్తుంది కూడా. చిక్కల్లా ఇల్లిరియన్ భాషలో శాసనాలేవీ మిగలకపోవడమే. మిగిలినవి మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, వేళ్ళ మీద లెక్కపెట్టగల మాటలు. పైగా గ్రీకులూ రోమన్లూ ఎన్నో తెగలను కలిపి ఆ ఒక్క పేరుతో పిలిచారు. మరోవైపు, పెదవికి అల్బేనియన్ బుజ, రొమేనియన్ బుజ. పొయ్యికి వాతర్, వాత్ర. ఇలాంటి ఉమ్మడి మాటలను చూపి కొందరు పండితులు మూలాన్ని తూర్పున, నేటి రొమేనియా, బల్గేరియాల వైపున్న ప్రాచీన డేసియన్, థ్రేసియన్ ప్రాంతాల్లో వెతికారు. చేపను లాటిన్ అరువుతో పెష్క్ అంటారు గనుక వీరు మొదట సముద్రానికి దూరంగా ఉన్నారనే వాదమూ ఉంది. తీరవాసులు సైతం మాటలు అరువు తెచ్చుకుంటారు గనుక ఆ వాదానికి నేను అంత బరువు ఇవ్వను. పశ్చిమ బాల్కన్ల ప్రాచీన ప్రజల్లో ఒకరి సంతతి అనడమే నా దృష్టిలో క్షేమకరం.

ప్రశ్న: కాకసస్‌లోనూ ఒక అల్బేనియా ఉండేదట. వీరు అక్కడి నుంచి వచ్చినవారా?

జవాబు: కాదు. నేటి అజర్‌బైజాన్ ప్రాంతంలోని ఆ రాజ్యానికి గ్రీకులూ రోమన్లూ పెట్టిన పేరు కలిసిందంతే. అక్కడి భాష కాకేసియన్ కుటుంబానిది, నేటి ఉది భాషకు బంధువు. నిజానికి అల్బేనియన్లు తమను తాము పిలుచుకునేది ష్కిప్తార్ అని. 15వ శతాబ్దంలో ఒట్టోమన్ తురుష్కుల దాడుల కాలం నుంచి దక్షిణ ఇటలీకి వలసపోయిన వారి సంతతి మాత్రం ఈనాటికీ తమను, ఆర్బనోన్‌లో కనిపించే ఆ పాత పేరుతోనే, ఆర్బరెష్ అని చెప్పుకుంటారు. దీన్నిబట్టి ష్కిప్తార్ అనే పేరు వ్యాపించింది వారు వెళ్ళిపోయాకే అని ఊహించవచ్చు.