మేత సంగతి తర్వాత, ముందు పుంజుకు బోను అలవాటు చేయండి

"చిలకముక్కు పుంజును వచ్చే నెల మొదటిసారి అందాల పోటీకి తీసుకెళ్తున్నా, ఏం మేత పెడితే నిగనిగలాడుతుంది?" అని అడిగారు. మేత గురించి చివర్లో చెప్తాను. అదేమంత పెద్ద విషయం కాదు.

మూడేళ్ల కిందట నాదీ ఇదే టెన్షన్. నా పుంజు సేతువ, ఒళ్లంతా తెలుపు. తోక నేలను ఊడ్చేది. బాదం, జీడిపప్పు, ఉడకబెట్టిన గుడ్డు... ఆ నెలలో అది తిన్నంత నేను తినలేదు. ముందు రోజు సాయంత్రం షాంపూ పెట్టి రుద్ది రుద్ది కడిగాను. అసలే చలికాలం, రాత్రంతా తడి ఆరక మూలన ముడుచుకు కూర్చుంది. అమ్మ చూసి "పోటీకా, పొయ్యిమీదికా?" అంది.

తెల్లారి గంప కింద తోక మడిచిపెట్టి ఆటోలో బయల్దేరాం. దారిలో ఒక కానిస్టేబుల్ ఆపి "కత్తులేవి?" అన్నాడు. పుంజు కనబడితే చాలు, బరికే పోతున్నామనుకుంటారు! అందాల పోటీ అని చెబితే నవ్వాడు. పావుగంట పోయింది. దిగి చూస్తే తోకలో రెండు పొడుగు ఈకలు విరిగాయి. విరిగిన ఈక అతుక్కోదు, ఆ ఈక రాలి కొత్తది వచ్చేదాకా అంతే.

అసలు కథ అక్కడ మొదలైంది. పోటీలో పుంజును ఇనుప బోనులో నిలబెట్టాలి, అలాంటి బోను అది పుట్టి బుద్ధెరిగి చూడలేదు. జడ్జి వచ్చేసరికి వెనక్కి తిరిగి మూలన నక్కింది. ఆయన కర్రతో మెల్లగా తట్టాడు, ఇంకా నక్కింది. ముక్కు వంపు చూపించాల్సిన పుంజు విరిగిన తోక చూపించింది. పక్క బోనులో ఒక పెద్దాయన డేగ, అంటే ఎర్ర పుంజు. ముక్కు వంపు నా దానికంటే తక్కువే, ఎక్కువంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ మెడ నిక్కించి పెళ్లికొడుకులా నిలబడింది. ఏం చేశారు తాతా అని అడిగితే, "నాకు టీ హోటల్ ఉంది బాబూ. ఇరవై రోజులు బోను తెచ్చి బల్ల పక్కన పెట్టా. వచ్చినోడల్లా కెలికి పోయాడు" అన్నాడు.

అప్పటినుంచి నా పద్ధతీ అదే. బోను అరుగు మీద పెట్టండి, మొదట గంట, తర్వాత పూటంతా. రోజూ ఎవరో ఒక కొత్త మనిషి చేత ఎత్తించి రెక్క విప్పించండి. స్నానం మూడు నాలుగు రోజుల ముందే, గోరువెచ్చని నీళ్లతో, పొద్దున్నే చేయించి ఎండలో ఆరబెట్టండి. తోక మొదట్లోని తిత్తి నుంచి కోడి ముక్కుతో నూనె తీసి ఈకలకు పూసుకుంటుంది. షాంపూ దాన్ని కడిగేస్తుంది, మళ్లీ పట్టడానికి ఆ మాత్రం టైం కావాలి. కాళ్లు పాత టూత్‌బ్రష్‌తో తోమి కొబ్బరినూనె చుక్క రాయండి. రెక్కల కింద, తోక కింద పేలు చూడండి. ఈకలు రాలుస్తున్న పుంజైతే ఈసారికి మానుకోండి. తోక మడవకుండా పట్టేంత పొడుగు పెట్టెలో తీసుకెళ్లండి, గంప వద్దు.

మర్చిపోకూడనిది ఇంకొకటి. కొక్కెర తెగులు (రాణిఖెత్) టీకా పోటీకి కనీసం రెండు వారాల ముందు వేయించండి. తిరిగొచ్చాక పుంజును రెండు మూడు వారాలు వేరుగా ఉంచండి. నేను వచ్చీరాగానే మందలో కలిపేసి నాలుగు పెట్టల్ని పోగొట్టుకున్నాను. అమ్మ ఆ సంగతి ఇంకా ఎత్తుతుంది.

ఇక మేత. ఇప్పుడు పెడుతున్న సజ్జలు, చోళ్లే (రాగులే) పెట్టండి, అప్పుడప్పుడు ఒక గుడ్డు. నెల రోజుల బాదంపప్పుకు ముక్కు వంపు తిరగదు.