జాగింగ్‌లో నాన్నగారి వాచ్ 168 చూపిస్తోంది, నమ్మాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 58 ఏళ్ల మీ నాన్నగారు పొద్దున్నే కేబీఆర్ పార్క్ చుట్టూ నడుస్తారు, మధ్యమధ్యలో కాసేపు మెల్లగా జాగింగ్ చేస్తారు. జాగింగ్ మొదలుపెట్టగానే చేతి వాచ్‌లో హార్ట్ రేట్ 168కి ఎగబాకుతోంది, నడకకి దిగగానే 110కి పడిపోతోంది. ఆయనకి ఆయాసం లేదు, పక్కవాళ్లతో కబుర్లు చెబుతూనే ఉంటారు. ఇంట్లో మాత్రం అందరికీ టెన్షన్. వాచ్ మార్చాలా, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. కొన్నేళ్లుగా ఓయూ క్యాంపస్‌లో, నెక్లెస్ రోడ్డు మీద పరుగెడుతున్నాను. ఛాతీకి హార్ట్ రేట్ కొలిచే బెల్టు, చేతికి వాచ్ రెండూ పెట్టుకుని, ఇంటికొచ్చాక రెండు గ్రాఫులూ పక్కపక్కన చూసుకోవడం అలవాటు. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీరు రాసిన లక్షణాలను బట్టి అది చాలావరకు వాచ్ లెక్క తప్పడమే. అయితే చాలావరకు అంటే పూర్తిగా అని కాదు కాబట్టి, ఖాయం చేసుకునే పద్ధతి కూడా చెబుతాను.

వాచ్ వెనక మిణుకుమనే పచ్చ లైటు చర్మంలోకి వెళ్లి తిరిగొస్తుంది. రక్తం పచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టు దగ్గరి సన్నటి నాళాల్లో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది, దాంతో తిరిగొచ్చే వెలుగులో తేడా వస్తుంది. ఆ తేడాలను లెక్కపెట్టి వాచ్ మనకు అంకె చూపిస్తుంది. ఛాతీ బెల్టు దారి వేరు, అది ఈసీజీ లాగే గుండె పుట్టించే విద్యుత్ సంకేతాన్ని పట్టుకుంటుంది.

కుర్చీలో కూర్చున్నప్పుడు వాచ్‌కి ఈ పని తేలికే. చెయ్యి ఊగడం మొదలయ్యాకే కష్టం. వాచ్ చర్మం మీద జారుతుంది, కండరాలు బిగుస్తాయి, చేతిలోని రక్తం కూడా అడుగు అడుగుకీ కదులుతుంది. ఈ కదలికల గోల ముందు గుండె పంపే సంకేతం చాలా చిన్నది. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్లో అవతలి మాట వినాల్సి వచ్చినట్టు ఉంటుంది దాని పరిస్థితి. లోపల ఉండే మోషన్ సెన్సర్ సాయంతో ఆ గోలను తీసేయాలని చూస్తుంది. ఒక్కోసారి కుదరదు, అప్పుడు అడుగుల లెక్కనే గుండె లెక్క అనుకుంటుంది. రన్నర్లు దీన్ని కేడెన్స్ లాక్ అంటారు.

నాకు ఇది స్పష్టంగా దొరికిన సందర్భం ఒకటుంది. నెక్లెస్ రోడ్డు మీద తేలిగ్గా, ముక్కుతోనే ఊపిరి తీసుకుంటూ పరుగెడుతున్నాను. చేతి వాచ్ 172 దగ్గర కదలకుండా కూర్చుంది, బెల్టు 141 అంటోంది. పరుగు ఆపకుండానే కుడి పాదం నేలకు తాకడం లెక్కపెట్టాను. 15 సెకన్లకు 21, 22 మధ్య వచ్చింది. రెండు పాదాలూ కలిపితే నిమిషానికి 172 దగ్గరే! ఆగి, వాచ్‌ని మణికట్టు ఎముక నుంచి రెండు వేళ్లు పైకి జరిపి, పట్టీ ఒక రంధ్రం బిగించి మళ్లీ పరుగు అందుకున్నాను. కాసేపటికి వాచ్ కూడా 143కి వచ్చేసింది.

మెల్లగా, చిన్న చిన్న అడుగులతో జాగింగ్ చేసేవాళ్లకు నిమిషానికి 160 నుంచి 170 అడుగులు పడటం మామూలే. మీ నాన్నగారి 168 సరిగ్గా అక్కడే ఉంది. పైగా ఆరోగ్యంగా ఉన్న గుండె మెల్లటి జాగింగ్‌కి ఒక నిమిషం, రెండు నిమిషాలు తీసుకుని పెరుగుతుంది, ఆపాక కూడా క్రమంగానే దిగుతుంది. ఫోన్ యాప్‌లో గ్రాఫ్ తెరిచి చూడండి. 110 నుంచి 168కి నిలువుగా లేచి, అంతే నిలువుగా పడితే వాచ్‌ని అనుమానించాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. గుండె లయ తప్పే కొన్ని సమస్యల్లో కూడా హార్ట్ రేట్ ఇలాగే ఉన్నట్టుండి పెరిగి ఉన్నట్టుండి తగ్గుతుంది. అందుకని గ్రాఫ్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, నాడి పట్టుకుని చూడాలి. 168 కనిపించిన క్షణంలోనే ఆయన్ని ఆగమని చెప్పి, బొటనవేలి మొదట్లో మణికట్టు మీద చూపుడు వేలు, మధ్య వేలు ఆనించి 10 సెకన్లు లెక్కపెట్టండి. నిజంగా 168 ఉంటే ఆ 10 సెకన్లలో 28 సార్లు కొట్టుకోవాలి, అంత వేగాన్ని వేళ్ల కింద లెక్కపెట్టడమే కష్టం. 20 దాకా వస్తే అసలు సంఖ్య 120. నిమిషమంతా లెక్కపెట్టకండి, ఆగిన వెంటనే హార్ట్ రేట్ దిగడం మొదలవుతుంది కాబట్టి జవాబు తక్కువ వస్తుంది. మెడ దగ్గర పట్టుకోవద్దు, పెద్దవాళ్లకు అక్కడ గట్టిగా నొక్కితే కళ్లు తిరగొచ్చు. నాడి నిజంగానే అంత వేగంగా ఉన్నా, ఒక క్రమం లేకుండా కొట్టుకుంటున్నా, జాగింగ్ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి. ఈసీజీ, అవసరమైతే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) రాస్తారు.

టీఎంటీ అంటే గుర్తొచ్చింది. నేను అది చేయించుకున్నప్పుడు చేతికి వాచ్ ఉంచుకున్నాను. ట్రెడ్‌మిల్ కడ్డీ పట్టుకుని నడిచినంతసేపూ వాచ్ అంకె, మానిటర్ అంకె రెండు మూడు బీట్ల తేడాలోనే ఉన్నాయి. చెయ్యి కదలకపోతే అదే వాచ్ ఎంత చక్కగా పనిచేస్తుందో అప్పుడు కళ్లారా చూశాను. అందుకే వాచ్‌లన్నీ దండగ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మందికి ఏడు రకాల వాచ్‌లు, బ్యాండ్లు కట్టి పరీక్షిస్తే, ఆరింటిలో హార్ట్ రేట్ తేడా 5 శాతం లోపే తేలింది. ఒకేచోట ఉండే సైకిల్ తొక్కినప్పుడు తప్పులు తక్కువ, నడకలో ఎక్కువ. క్యాలరీల సంగతి మాత్రం ఘోరం. అన్నిటికన్నా బాగా చెప్పిన పరికరమే సగటున 27 శాతం తప్పింది, చివరిది 93 శాతం. కాబట్టి వాచ్ 400 క్యాలరీలు ఖర్చయ్యాయని చెప్పిందని దారిలో ఇంకో ప్లేటు ఇడ్లీ లాగించేవాళ్లను ఆపండి.

చామనఛాయ చర్మానికి ఈ లైటు పనిచేయదంటారే, నిజమా అని కూడా అడిగారు. చర్మంలోని మెలనిన్ పచ్చ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి ఆ సందేహం సహజమే. 2020లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు వేర్వేరు చర్మపు రంగులవారి మీద కొన్ని వాచ్‌లను పరీక్షించారు. రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, కదలిక వల్ల మాత్రం తప్పు పెరిగింది. పచ్చబొట్టు వేరే విషయం, ఆ సిరా లైటుకు అడ్డం పడుతుంది. చేతి మీద పచ్చబొట్టు ఉంటే వాచ్ రెండో చేతికి మార్చాలి.

మన దగ్గర అందరూ మర్చిపోయే అడ్డంకులు ఇంకా ఉన్నాయి. గుడిలో కట్టిన దారం వాచ్ కింద ఇరుక్కుంటే వెలుగు సందులోంచి లోపలికి దూరుతుంది. మా అక్క గాజులు ముందుకి, వాచ్ వెనక్కి పెట్టుకునేది. నడుస్తుంటే గాజులు వచ్చి వాచ్‌ని తడుతూ ఉండేవి, అంకె ఇష్టమొచ్చినట్టు ఎగిరేది. గాజులు ఎడమ చేతికి, వాచ్ కుడి చేతికి మార్చాక కుదుటపడింది. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో చేతులు చల్లబడి చర్మానికి రక్తం తక్కువగా వస్తుంది, అప్పుడు మొదటి పది నిమిషాల అంకెలను నేను పట్టించుకోను. జిమ్‌లో డంబెల్స్ పట్టుకున్నప్పుడు, పుల్-అప్స్ చేసేటప్పుడు మణికట్టు వంగి కండరాలు బిగుసుకుంటాయి కాబట్టి వాచ్ తరచూ బాగా తక్కువ చూపిస్తుంది.

మీ నాన్నగారు బీపీకి మందులేమైనా వాడుతున్నారో లేదో రాయలేదు. బీటా బ్లాకర్ రకం మందులు హార్ట్ రేట్‌ని పెరగనివ్వవు, కాబట్టి అవి వాడేవాళ్లకు వ్యాయామం ఎంత తీవ్రంగా ఉందో చెప్పడానికి వాచ్ చూపించే రంగురంగుల జోన్లు వర్తించవు. ఆ జోన్ల పునాది చాలా వాచ్‌లలో 220 లోంచి వయసు తీసేసే లెక్క. ఆ ప్రకారం ఆయన గరిష్ఠం 162. ఇది సగటు మాత్రమే, మనిషి మనిషికీ పది, పదిహేను బీట్లు అటూ ఇటూ ఉండటం సాధారణం. ఆయన వయసులో మాటే మంచి కొలత. పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు, రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఎక్కువైనట్టు.

ఇంకొకటి, దీన్ని ఇంట్లో అందరికీ చెప్పండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్లు తిరగడం వస్తే వాచ్‌లో 85 ఉన్నా సరే, వెంటనే 108కి ఫోన్ చేయాలి. గుండెపోటును కనిపెట్టే పని ఈ పచ్చ లైటుది కాదు, వాచ్‌లోని ఈసీజీ ఫీచర్ కూడా దాన్ని పసిగట్టలేదు.

ఇక కొనే సంగతి. నాన్నగారికి కొత్త వాచ్ అక్కర్లేదు, ఉన్నదాన్ని పైకి జరిపి, చర్మం మీద జారకుండా, అలాగని చెయ్యి తిమ్మిరెక్కకుండా కట్టండి. ఇంటికొచ్చాక ఒక రంధ్రం వదులు చేయమనండి. మీరు ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి తయారవుతున్నానన్నారు కదా, డబ్బు పెడితే మీకోసం ఛాతీ బెల్టు మీద పెట్టండి. ఫ్లైఓవర్లు ఎక్కి దిగే ఆ దారిలో హార్ట్ రేట్ త్వరత్వరగా మారుతుంది, చేతి వాచ్ ఆ మార్పును ఆలస్యంగా చూపిస్తుంది. కట్టుకునే ముందు బెల్టు లోపలి ప్యాడ్లను నీళ్లతో తడపండి, పొడిగా ఉంటే చెమట పట్టేదాకా అది కూడా పిచ్చి అంకెలే చూపిస్తుంది. వాడాక కడిగి నీడలో ఆరేస్తే మన చెమటకి కూడా ఎక్కువ కాలం మన్నుతుంది. బెల్టు ఒరుసుకుంటుందనుకుంటే మోచేతి పైన కట్టుకునే ఆప్టికల్ బ్యాండ్లు (వాచ్‌లాగే లైటుతో కొలిచేవి) ఉన్నాయి. అక్కడ కండ ఎక్కువ, కదలిక తక్కువ కాబట్టి మణికట్టు కన్నా బాగా పనిచేస్తాయి.