దుబాయా, సింగపూరా, జర్మనీయా: ముందు మీ ఆవిడ వీసా చూడండి

ఉద్యోగానికి మీ ఆవిడతో కలిసి దుబాయ్, సింగపూర్, జర్మనీల్లో ఎక్కడికి వెళ్లాలో తేలడం లేదని రాశారు. ఈ మూడింటి మధ్య ఎటూ తేలకపోవడానికి కారణం, వాటిని వీడియోల్లో చూసి పోల్చడం. మీరు రాసినదాన్ని బట్టి మీకు కావలసింది బొబ్బిలి బంధువుల ఆరాలు లేకుండా ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ బతకడం. ఆ స్వేచ్ఛ దేశం కన్నా వీసా మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

1. అందరూ వదిలేసేది ఇదే. ఉద్యోగం వచ్చింది మీకు, మరి మీ ఆవిడ ఏ హక్కుతో వస్తారు? సింగపూర్‌లో డిపెండెంట్ పాస్ (ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే అనుమతి) మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయాలంటే 2021 మే నుంచి సాధారణంగా విడిగా వర్క్ పాస్ తెచ్చుకోవాలి. దుబాయ్‌లో ఆమెను తీసుకునే కంపెనీ వర్క్ పర్మిట్ తీయాలి. జర్మనీలో మీకు బ్లూ కార్డు (బాగా చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి) ఉంటే ఆమె ఏ ఉద్యోగమైనా చేయొచ్చు, వీసాకి జర్మన్ పరీక్ష కూడా అక్కర్లేదు (ఉద్యోగం దొరకడానికి మాత్రం భాష కావాలి, అది వేరే టెన్షన్).

2. ఉద్యోగం పోతే ఎన్నాళ్లు ఉండనిస్తారో మూడింటికీ చూడండి.

3. పౌరసత్వం: జర్మనీలో 2024 జూన్ నుంచి మామూలుగా ఐదేళ్లకు దరఖాస్తు పెట్టొచ్చు, కానీ అది తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది. దుబాయ్‌లో మామూలు ఉద్యోగికి ఆ దారి లేనట్టే.

4. దుబాయ్‌లో మనవాళ్లు ఎక్కువ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లయితే మరీను, కాబట్టి ఆరాలు అక్కడికీ వస్తాయి! జర్మనీలో కులం అడిగేవాళ్లు తక్కువే గానీ పిలవకుండా ఇంటికి వచ్చేవాళ్లూ ఉండరు, ఆదివారం షాపులుండవు.

నా ఓటు జర్మనీకి. ఆమె ఇక్కడుండగానే భాష మొదలుపెట్టాలి.