హీటర్ ఆపి ఊరెళ్ళకు నాన్నా

చి. నాన్నకి, అత్త ఆశీస్సులు.

"అక్కా, వాడు పిట్స్‌బర్గ్‌లో కాండో ఫ్లాట్ కొంటున్నాడట, మౌంట్ వాషింగ్టన్ కొండ మీద" అని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సంతోషం ఒక పక్క, భయం ఒక పక్క. ఇరవై ఏళ్ళు బతికిన ఊరది. గ్రాండ్‌వ్యూ అవెన్యూలో నిలబడితే కింద అలెగెనీ, మొనాంగహీలా కలిసి ఒహాయో అవడం కనిపిస్తుంది. గోదావరి గట్టున పుట్టినదాన్ని కదా, మొదటిసారి చూసినప్పుడు చేతులెత్తి దణ్ణం పెట్టాను.

లోను, ఇన్‌స్పెక్షన్ సంగతి నీకు తెలుసు. ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్ కాగితాలు మాత్రం నువ్వే కూర్చుని చదువు. నెలనెలా కట్టేది ఎంతో అందరూ అడుగుతారు, రిజర్వు ఫండులో ఎంత ఉందో ఎవరూ అడగరు. అందులో డబ్బు లేకపోతే పైకప్పు రిపేరు వచ్చిన రోజున తలా ఇంత అని నీ మీద పడుతుంది. అసోసియేషన్ లెక్కలన్నీ ఉండే రీసేల్ సర్టిఫికెట్ పెన్సిల్వేనియాలో అమ్మేవాళ్ళే నీకివ్వాలి. అది చేతికొచ్చాక 5 రోజుల్లోపు, రిజిస్ట్రేషన్ కాకముందే, నచ్చకపోతే బేరం వదులుకోవచ్చు. ఆ 5 రోజులూ సినిమాలు మానెయ్.

ఇక నేను చెప్పాలనుకున్నది. 1994 జనవరిలో నువ్వు పుట్టావు. నీ బారసాలకని రాజమండ్రి వచ్చాను. ఇంట్లో ఎవరూ ఉండరు, బిల్లు ఎందుకు దండగ అని హీటర్ పూర్తిగా కట్టేసి తాళం వేశాను. జనవరి 19న పిట్స్‌బర్గ్‌లో సున్నాకి కింద 22 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. ఆ ఊరి చరిత్రలో అంత చలి అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. వంటింటి బయటి గోడలోని పైపులో నీళ్ళు గడ్డకట్టి పైపు చీలిపోయింది. నిన్ను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను, పక్కింటి ఫోనుకి కబురొచ్చింది.

నా ఇల్లు తడిస్తే అది నా ఖర్మ. కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది. భర్త స్టీలు మిల్లులో పనిచేసి పోయాడు. నీళ్ళు ఆవిడ హాల్లోకి దిగి, బీరువా కింది అరలో ఉన్న ఆల్బమ్‌లన్నీ నానబెట్టేశాయి. నేను తిరిగొచ్చి తలుపు తట్టేసరికి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి దారం కట్టి, బట్టల క్లిప్పులతో ఫోటోలు ఆరేసి ఉంది. కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయాయి. పెళ్ళి ఫోటోలో ఆవిడ పక్కనున్న మనిషి మొహం తెల్లగా చెరిగిపోయింది. నేను ఏడుస్తుంటే, "ముందు చెప్పు, నీ మేనల్లుడు ఎలా ఉన్నాడు?" అంది.

అసోసియేషన్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని నేను సొంతంగా తీసుకోలేదు. అది బిల్డింగ్ వరకే. గోడల లోపలికి, పక్కవాళ్ళకి జరిగే నష్టానికి మనమే తీసుకోవాలి, హెచ్‌ఓ-6 అంటారు. రెండేళ్ళు వాయిదాల్లో కట్టాను. ఆ ఫోటోకి మాత్రం ఏమీ కట్టలేకపోయాను.

అందుకే చెప్తున్నా, ఎంత దూరం వెళ్ళినా హీటర్ థర్మోస్టాట్ 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గనివ్వకు. నీళ్ళ వాల్వు కట్టేయ్, సింకు కింది తలుపులు తెరిచి ఉంచు, తాళం చెవి నమ్మకస్తుల దగ్గర పెట్టు. కోప్పడుతున్నానని అనుకోకు, ఈ ఒక్క విషయంలో నేను ఇలాగే ఉంటాను.

మిగతాదంతా హాయే. ఆఫీసుకి కారు తీయకు, కొండవాలు మీద తాడుతో నడిచే మొనాంగహీలా ఇన్‌క్లైన్ రైలులో దిగు. 1870 నుంచి ఒక పెట్టె ఎక్కుతుంటే ఇంకోటి దిగుతూ కొండని అలా మోస్తూనే ఉంది. మంచు పడే పొద్దున్న కిటికీ పక్కన నిలబడితే వంతెనల పసుపు రంగొక్కటే కనిపిస్తుంది. శనివారం పెందలాడే స్ట్రిప్ డిస్ట్రిక్ట్ బజారుకి వెళ్ళు, తొమ్మిది దాటితే పార్కింగ్ దొరకదు. చలికి ప్రాణం విసిగితే ఫిప్స్ అద్దాల తోటలో దూరు, 1893 నాటిది. ఆ వెచ్చటి తడిగాలికి నాకు లంకల్లో అరటితోటలు గుర్తొచ్చేవి. పెన్ హిల్స్‌లో 1970ల్లో మనవాళ్ళు కట్టుకున్న వెంకన్న గుడి ఉంది. దర్శనం అయ్యాక కింద పులిహోర తినకుండా రాకు.

గృహప్రవేశానికి ఇంట్లో హోమం పెట్టించకు. పొగకి అలారం మోగితే పసిపిల్లలతో, ముసలివాళ్ళతో బిల్డింగంతా మెట్లు దిగాలి. పూజ గుడిలో చేయించుకో, ఇంట్లో పాలు పొంగించుకో, చాలు. దానికంటే ముందు, తాళాలు చేతికొచ్చిన రోజునే నీళ్ళ వాల్వు ఎక్కడుందో వెతికి, నీ చేత్తో ఒకసారి తిప్పి చూసి, నాకు ఫోటో పంపు.

నీ అత్త