భుజాలు దిగనంటే...

ప్రశ్న: మా డిజిటల్ టీవీ ట్రాన్స్‌మిటర్ 8 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో ఓఎఫ్‌డీఎం (ఎన్నో సన్నని క్యారియర్ల మీద డేటా పంపే పద్ధతి) సిగ్నల్ ఇస్తుంది. ప్రీ-కరెక్షన్ (యాంప్లిఫయర్ చేసే డిస్టార్షన్‌కు ముందే విరుగుడు కలపడం) ఎన్నిసార్లు నడిపినా స్పెక్ట్రమ్ భుజాలు (ఛానల్ అంచులు దాటి చిమ్మే శక్తి) మైనస్ 30 డీబీ దగ్గరే ఆగిపోతున్నాయి. పవర్ యాంప్లిఫయర్ మార్చాల్సిందేనా?

జవాబు: అప్పుడే వద్దండి. ముందు అనలైజర్‌నే అనుమానించండి. దాని ఇన్‌పుట్ అటెన్యుయేషన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ను తగ్గించే అమరిక) 10 డీబీ పెంచి చూడండి. భుజాలు దిగితే ఆ డిస్టార్షన్‌లో కొంతైనా కొలిచే పరికరానిదే.

కదల్లేదా? శాంపిల్ ఎక్కణ్నుంచి తీస్తున్నారో చూడండి. నాన్‌లీనియర్ కరెక్షన్‌కు ఫీడ్‌బ్యాక్ మాస్క్ ఫిల్టర్‌కు (ఛానల్ బయటి శక్తిని కోసేసేది) ముందున్న కప్లర్ (సిగ్నల్‌లో చిన్న వంతు తీసిచ్చే భాగం) నుంచి రావాలి. ఫిల్టర్ దాటాక తీస్తే భుజాలు అప్పటికే తెగిపోయి ఉంటాయి, దిద్దాల్సిన తప్పేంటో కరెక్టర్‌కు కనిపించదు. ఫిల్టర్ తెచ్చే గ్రూప్ డిలే (ఒక్కో ఫ్రీక్వెన్సీ ఒక్కోలా ఆలస్యమవడం) సరిచేయడానికి మాత్రం ఫిల్టర్ తర్వాతి శాంపిలే కావాలి. మూడో ఆర్డర్ డిస్టార్షన్ ఛానల్‌కు మూడింతలు, అంటే 24, ఐదోది ఐదింతలు, అంటే 40 మెగాహెర్ట్జ్ మేర పరుచుకుంటుంది. ఫీడ్‌బ్యాక్ దారి అంత వెడల్పునూ మోయగలగాలి.

ఇక డ్రైవ్, అంటే యాంప్లిఫయర్‌ను తోసే సిగ్నల్ బలం. ఓఎఫ్‌డీఎం పీకులు సగటుకన్నా 10 డీబీకి పైగా లేస్తాయి. ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లో (ఇక పెంచలేని స్థితిలో) పీక్ తెగిపోయిందంటే ఏ అల్గారిథమూ దాన్ని అతికించలేదు. కరెక్షన్ ఆపేసి, పవర్ 1 డీబీ తగ్గించండి. మూడో ఆర్డరే ప్రధానమైతే భుజాలు సిగ్నల్‌తో పోలిస్తే సుమారు 2 డీబీ మెరుగుపడాలి.

యాంప్లిఫయర్ మాడ్యూళ్ల డ్రెయిన్ కరెంట్లు (ట్రాన్సిస్టర్లు లాగే కరెంట్) కూడా ఒక్కొక్కటిగా పోల్చండి. ఒకటి చచ్చిపోతే ఆటోమేటిక్ పవర్ కంట్రోల్ మిగతావాటిని మరీ గట్టిగా తోస్తుంది. కంబైనర్ (మాడ్యూళ్ల పవర్‌ను కలిపేది) రిజెక్ట్ లోడ్, అంటే సరిగా కలవని శక్తిని పీల్చుకునే భాగం, అసాధారణంగా వేడెక్కితే అనుమానం అటే. మాడ్యూల్ మార్చాక పాత కరెక్షన్ పట్టికను చెరిపేసి, యాంప్లిఫయర్ వేడి నిలకడకు వచ్చాకే కొత్తగా నడపండి.